రమణి లాక్కెళ్లిన థింసా

అరకు సంతలో కొత్త షెడ్లు లేచిన ఏడు, వర్తకులూ కొండమీది రైతులూ కలిసి మార్కెట్ పండగ పెట్టారు. కొనడం అమ్మడం రోజూ ఉండేదే, ఈ ఒక్కరోజూ పిల్లాపాపలతో వచ్చి ఆడి, పాడి, తిని పొండని మైకులో పొద్దుటి నుంచీ ఒకటే పిలుపు. గోనెసంచి పరుగులు, రంగులరాట్నం, అడిగినవాళ్లకు అడిగినంత రాగి అంబలి. కిరండోల్ రైలుబండి దిగిన టూరిస్టులు కెమెరాల్లో రీళ్లు అయిపోతున్నా ఆపడం లేదు.

రమణికి మాత్రం ఆ జనాన్ని చూస్తుంటే భయమేసింది. కూతురు బేబికి నాలుగేళ్లు. ఇంతమందిలో తప్పిపోతే ఏ రైలెక్కి ఏ ఊరు పోతుందోనని బెంగ. పొద్దున పట్టుకున్న చెయ్యి అంబలి తాగేటప్పుడు కూడా వదల్లేదు. చెమట పడుతోందని పిల్ల గింజుకున్నా వినలేదు.

అలాంటి మనిషి చేతిలో అత్త సోములమ్మ ఉన్నట్టుండి నెమలీకల కట్ట పెట్టింది. ఎప్పుడూ ఆ కట్ట పట్టుకుని థింసా ఆటలో వరసకు ముందు నడిచేది సోములమ్మే. ఆవేళ మోకాలు వాచి అడుగెయ్యలేకపోయింది.

"నానెలాగాడతానత్తా? గుంటనెవరు సూత్తారు?" అంది రమణి.

"పసుపు కొట్టుకాడ రాజులమ్మ లేదా? ఆరుగుర్ని పెంచింది, నీ ఒక్క గుంటని మింగేత్తదేటి? బేగెల్లు."

బేబిని పసుపు మూటల పక్కన కూర్చోబెట్టి, కదలనని ఒట్టేయించుకుని, రమణి వచ్చి వరసకు ముందు నిలబడింది. వెనక ఆడవాళ్లంతా ఒకరి వీపు చుట్టూ ఒకరు చేతులు పెనవేసుకున్నారు. మిగతా వాయించేవాళ్లతో కలిసి రమణి మొగుడు ఫల్గుణ తుడుము డప్పు అందుకున్నాడు. తుడుము ఆగేదాకా ఆ పట్టు వీడకూడదు. వీడితే వాయించేవాడికి తలవంపులు. వరస ఎటు పోవాలన్నది ముందున్న మనిషి ఇష్టం. ఆమె ఎటు అడుగేస్తే అందరూ అటే.

మైదానం ఒక చుట్టు తిరిగాక రమణి పసుపు కొట్టువైపు చూసింది. రాజులమ్మ బేరంలో మునిగి ఉంది. మూటల పక్కన పిల్ల లేదు.

 కేకేద్దామంటే తుడుము మోతలో ఎవరికి వినబడుతుంది? వరస తెంపుకుని పోదామంటే పక్కనున్న ఈశ్వరమ్మ చెయ్యి నడుముకు ఉడుంపట్టులా ఉంది. మొగుడేమో హుషారులో ఇటు చూడడమే లేదు. ఇక లాభం లేదని నెమలీకలు పైకెత్తి, మైదానం వదిలేసి, వరస మొత్తాన్ని లాక్కుంటూ షెడ్లలోకి నడిచింది.

అనాసపళ్ల రాశుల మధ్యనుంచి, చీపురుకట్టలు దాటి, ఎండుచేపల బుట్టలు తప్పించుకుంటూ పోయింది. బల్లల కింద వెతకడానికి ఆమె వంగితే వెనక అందరూ వంగారు. జనం తలల మీదుగా చూడడానికి మునివేళ్ల మీద లేస్తే అందరూ లేచారు. ఇదేదో కొత్త అడుగనుకుని చూసేవాళ్లు ఈలలు వేశారు. వాయించేవాళ్లు వెంటపడి పరిగెత్తారు.

"ఏటే, మమ్మల్ని రైలెక్కించేత్తావేటి?" అని ఈశ్వరమ్మ నవ్వింది.

"నా గుంట అవుపడ్డంలేదు పిన్నీ" అంది రమణి ఏడుపు గొంతుతో.

ఈశ్వరమ్మ ఆ మాట వెనకామె చెవిన వేసింది. ఆమె మరొకామెకు చెప్పింది. అలా మాట వరస చివరిదాకా పోయింది. కాసేపటికి అటునుంచి నవ్వులు ఒక్కొక్కరినే దాటుకుంటూ ముందుకొచ్చాయి. పిల్ల కనబడకపోతే నవ్వు ఎలా వస్తుందో వీళ్లకని రమణికి ఒళ్లు మండింది.

ఉల్లిపాయల గోదాము దగ్గర దారి అయిపోయింది. ఎదురుగా గోడ. తిరగక తప్పలేదు. రమణి తిరిగితే వరస పాములా మెలి తిరిగింది, తల వెళ్లి తోకకు ఎదురుపడింది. అందరికంటే చివర, వరసలో ఆఖరామె సత్యకుమారి నడుం దగ్గర చీర రెండు చేతులా పట్టుకుని, ఒంటినిండా పసుపుతో బేబి అడుగులేస్తోంది. తల్లి సందుసందూ గాలించినంతసేపూ, పిల్ల ఆమె వెనకాలే ఊరేగుతూ వచ్చింది.

రమణి నెమలీకలున్న చెయ్యే చాచి పిల్లను లాక్కోబోయింది. బేబి మొహం చిట్లించి సత్యకుమారి చాటుకు జరిగింది.

"నువ్వాగకమ్మా. నాకడుగు తప్పిపోతంది."

ఏదో జరిగిందని ఫల్గుణకు అప్పటికి తెలిసింది. ఆపెయ్యమంటావా అన్నట్టు కళ్లతోనే అడిగాడు. రమణి ఒక్క క్షణం ఆ చిన్న పాదాలవైపు చూసింది. వద్దని తలూపి, నెమలీకలెత్తి, ఈసారి పొట్టి పొట్టి అడుగులేసింది.