బ్యాండుకు పద్రీనో

"ఒరేయ్ ఎల్మెర్, మీ పెద్దమ్మ రొట్టెల సంచి పట్టుకుని వస్తే నువ్వు ఇంట్లో లేవని చెప్పనా, చచ్చిపోయావని చెప్పనా? ఏదో ఒకటి ఇప్పుడే తేల్చు."

మా వాడు బూటు తుడుస్తూ తలెత్తలేదు. "ఇంకా ఎవరూ రాలేదు కదమ్మా."

"రాకముందే భయపడాలిరా. వచ్చాక తీరిక ఎక్కడుంటుంది?"

నా కొడుక్కి ఇరవై ఒక్క ఏళ్ళు. ఇనప తలుపులు చేసే షాపులో కుదిరి మొదటి జీతం తెచ్చాడో లేదో, ఎల్ ఆల్తో ఊళ్ళో మా పేట పేటంతా వాడి మీద పడింది. పెళ్ళయినా పుట్టినరోజయినా ఖర్చును ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో పద్రీనో, అంటే ఖర్చు భరించే పెద్దమనిషి, నెత్తిన పెట్టడం మాకు అలవాటే. వాడు కేకుకు పద్రీనో అయ్యాడు. ఫుట్‌బాల్ జట్టు చొక్కాలకు అయ్యాడు. ఆ జట్టు ఇంతవరకు ఒక్క ఆట గెలవలేదు, చొక్కాలు మాత్రం తళతళలాడుతున్నాయి. ఎదురింటాయన కొన్న పాత టాక్సీకి కూడా పద్రీనో అయి, శుభమని చక్రాల మీద బీరు పోసి, మెడలో రంగు కాగితాల దండతో ఫోటో దిగాడు. టాక్సీ ఆ వారమే ఆగిపోయింది. మా వాడి జేబు అంతకంటే ముందే ఆగింది. ఎవరైనా "దోన్ ఎల్మెర్" అని గౌరవంగా పిలిస్తే చాలు, వెధవ, వాడి చెయ్యి దానంతటదే జేబులోకి పోయేది.

ఈమధ్య కొంచెం మారాడు. షాపు యజమాని తన పాత వెల్డింగ్ మెషిను అమ్ముతానన్నాడు. ఆదివారానికల్లా డబ్బు మొత్తం తెస్తే మా వాడిది, లేకపోతే ఇంకొకరిది. అది చేతికొస్తే పక్కవీధి మందుల షాపు గేటు పని సొంతంగా పట్టుకోవచ్చు. అందుకని జీతం అందగానే ముందు కొంత బ్యాంకులో వేసి, మిగిలిందే జీతం అనుకుని బతకడం నేర్చుకున్నాడు. డబ్బు సరిపోయింది. నాకు భయం మాత్రం పోలేదు. మెషిను కొంటే కళ్ళు పోతాయేమో, కరెంటు కొడుతుందేమో, దొంగలు మోసుకుపోతారేమో. కొనకపోతే జీవితాంతం పద్రీనోగానే మిగిలిపోతాడేమో.

గురువారం సాయంత్రం వాళ్ళు రానే వచ్చారు. ముందు మా ఫెలీపా అక్క, మా పెద్దనాన్న కూతురు. బజారులో బంగాళాదుంపలు అమ్ముతుంది, వాటితోపాటు ఊరి కబుర్లు కొసరు వేస్తుంది. వెనకాల ఆమె మొగుడు నికనోర్ బావ, ఒక చేతిలో రొట్టెల సంచి, ఇంకో చేతిలో బీరు సీసాలు. ఆయన గొంతు ఎలా ఉంటుందో నేను మర్చిపోయి చాలాకాలమైంది.

"దోన్ ఎల్మెర్!" అంది అక్క గుమ్మంలోనే. "మా చిన్నమ్మాయి పెళ్ళి కుదిరింది నాన్నా. అన్నిటికీ మనుషులు దొరికారు. బ్యాండు ఒక్కటే మిగిలింది. బ్యాండు లేకపోతే అది పెళ్ళా, శవయాత్రా చెప్పు?"

"శవయాత్రకూ బ్యాండు పెడతారు పెద్దమ్మా," అన్నాడు మా వాడు.

"చూశావా ఎంత తెలివో! అందుకే నీ దగ్గరికొచ్చాం."

ఒకే రంగు కోట్లు వేసుకుని, తలో రాగంలో ఊదే ఆ బాకాల వాళ్ళ ఖరీదు సరిగ్గా వెల్డింగ్ మెషిను ఖరీదంత. అక్క సంచి విప్పి రొట్టెలు బల్ల మీద పరిచింది. ఒక్క రొట్టె కొరికితే ఒప్పుకున్నట్టే.

వాడు ఔనంటే మెషిను పోతుంది. కాదంటే అక్క రేపు పొద్దున్నే బంగాళాదుంపలతోపాటు మమ్మల్నీ కిలోల లెక్కన అమ్మేస్తుంది. నేను పోతే శవపేటిక మొయ్యడానికి ఎవరూ రారు. ఎల్మెర్ ఒక్కడే మొయ్యాలి, వాడికా నడుం నొప్పి. భయం పట్టుకుంటే నా నోరు ఊరుకోదు, ఏదో ఒకటి నమలాలి. ఏం చేస్తున్నానో తెలిసేసరికి సగం రొట్టె లోపలికి పోయింది.

"కొరికింది!" అక్క చప్పట్లు కొట్టింది. "మా చెల్లెలు కొరికింది! సీసా తెరవయ్యా!"

"ఆకలేసి..." అన్నాను నిండు నోటితో.

మా వాడు నన్ను చూశాడు. మిగతా సగం రొట్టెను మెల్లగా బల్ల మీద పెట్టేశాను.

"పెద్దమ్మా, రొట్టె తిన్నది అమ్మ. బ్యాండు వాళ్ళకు డబ్బు అమ్మ కడుతుందేమో అడుగు."

"పెద్దవాళ్ళతో పరాచికాలా?"

"పరాచికం కాదులే." వాడు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "నా వల్ల కాదు. నా దగ్గర డబ్బుంది, లేదని అబద్ధం చెప్పను. అది మెషినుకు. ఆదివారం దాటితే అది నాకు రాదు. పెళ్ళి రోజు పొద్దున్నే వస్తా, పందిరి వేస్తా, కుర్చీలు మోస్తా. బ్యాండుకు మాత్రం పద్రీనోగా నన్ను పెట్టుకోవద్దు."

డబ్బు ఉందని చెప్పేశాడు! లేదని చెప్పి ఏడ్చి ఉంటే జాలిపడి వదిలేసేవాళ్ళు. ఉండి ఇవ్వననడం మా పేటలో ఎవరైనా విన్నారా?

బయట మినీబస్సు కుర్రాడు ఊళ్ళ పేర్లన్నీ అరిచి వెళ్ళిపోయాడు. ఇంకో బస్సు వచ్చింది, అదీ పోయింది. అక్క బల్ల మీది రొట్టెముక్కలు వేలితో ఒకచోటికి చేర్చి, మళ్ళీ చెదరగొట్టింది. నేను ఆమె పెదాల వంకే చూస్తున్నాను, ఏ శాపం వస్తుందో, ఎన్ని తరాలకు తగులుతుందో అని. వాడు మాత్రం కిందికి చూడలేదు, ఇంకో మాట కలిపి మెత్తబరచనూ లేదు.

చివరికి జవాబు అక్క దగ్గర్నుంచి రాలేదు. నికనోర్ బావ తెరిచిన సీసా కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"పోనీలేవే. వీడు మొహం మీద కాదన్నాడు, ఇవాళే ఇంకో ఇంటికి పోవచ్చు. పెద్దమ్మాయి పెళ్ళికి మీ తమ్ముడు బీరుకు పద్రీనోగా ఉంటానని చెప్పి, ఆ రోజు ఫోను ఆపేసి పడుకున్నాడు చూడు, వాడితోనే మనం చచ్చాం."