తలుపులు మూసుకుంటున్నాయి

యోరాన్ స్టాక్‌హోమ్‌లో ఇరవై ఏళ్ళు మెట్రో రైలు నడిపి, భార్యతో మా వార్మ్‌లాండ్ అడవుల్లోకొచ్చి, మా పక్కింట్లో దిగి గొర్రెలు కొన్నాడు. వాటినెలా పిలవాలో నేర్పబోతే నా మాట చెవిన పెట్టలేదు. రోజూ సాయంత్రం దొడ్డి గుమ్మంలో నిలబడి, రైల్లో చెప్పినట్టే, "తలుపులు మూసుకుంటున్నాయి, జాగ్రత్త" అనేవాడు.

"అబ్బాయ్, అవి గొర్రెలురా, ఆఫీసుకెళ్ళే జనం కాదు" అనేదాన్ని.

"తేడా ఏముంది గున్నెల్ పిన్నీ, వాళ్ళూ ఒకళ్ళ వెనక ఒకళ్ళు ఎక్కేవాళ్ళేగా" అని నవ్వేవాడు.

నెల తిరక్కుండా గొర్రెలు ఆ మాటకే పరుగెత్తుకు రావడం మొదలుపెట్టాయి. నాకు ఒళ్ళు మండింది. ముచ్చటగానూ ఉండేది.

ఆగస్టులో గడ్డి కోస్తూ అక్కడే కూలిపోయాడు. గుండె ఆగిపోయింది. అతని భార్య ఇల్వా చర్చిలో ఏడవలేదు, ఆ తర్వాతా ఏడవలేదు. నేను పంపిన బఠాణీ సూప్ తాగేది, గిన్నె కడిగి తెచ్చిచ్చేది, అడిగినదానికి జవాబు చెప్పేది. అతని పేరు మాత్రం ఎత్తేది కాదు.

అక్టోబరులో అడవి అంచున తోడేలు అడుగులు కనిపించాయి. యోరాన్ పోయాక గొర్రెల్ని రాత్రుళ్ళూ పైన పచ్చిక బీట్లోనే వదిలేశాం. చీకటి పడేలోపు దొడ్లోకి చేర్చకపోతే పొద్దున్నకి దక్కవు. నేను గొంతు చించుకున్నాను. ఇల్వా దాణా బకెట్ వాయించింది. అవి తలెత్తి చూసి మళ్ళీ మేతలో పడ్డాయి. వెంటపడితే అడవిలోకే పోతున్నాయి.

"వాటికి నీ మొగుడి మాటే కావాలమ్మా" అన్నాను.

"నా వల్ల కాదు పిన్నీ."

"అయితే తోడేలే వచ్చి పిలుస్తుందిలే."

నా నోరే అంత. అన్నాక బాధపడ్డాను.

ఇల్వా బకెట్ కింద పెట్టింది. "తలుపులు మూసుకుంటున్నాయి, జాగ్రత్త" అంది, పాఠం అప్పజెప్పినట్టు, గొంతులో ఏమీ లేకుండా.

గొర్రెలు కదిలాయి. ఒకదాని వెనక ఒకటి దిగివచ్చి, మా పక్కనుంచే దొడ్లోకి పోయాయి. యోరాన్ సీసాతో పాలు పట్టి పెంచిన నల్ల గొర్రె మాత్రం గుమ్మంలో ఆగింది. అది ఇల్వా చేతుల్ని వాసన చూసింది. తర్వాత ఆమె వెనకున్న దారివైపు చూస్తూ నిలబడిపోయింది. నేను దాన్ని తోయబోతే ఇల్వా నా చేయి పట్టుకుని ఆపింది.

అలాగే చాలాసేపు నిలబడ్డాం. చలి పెరిగింది.

"ఆయన రాడే" అంది ఇల్వా దానితో. "చచ్చిపోయాడు. లోపలికి పద."

ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు.

నల్ల గొర్రె ఇంకాసేపు చూసి, వెళ్ళి మిగతావాటిలో కలిసిపోయింది. ఇల్వా తలుపు సగం మూసి ఆగింది. తనూ ఒకసారి వెనక్కి తిరిగి దారివైపు చూసింది. తర్వాత గొళ్ళెం పెట్టింది.