పాత రోడ్డుకి లైసెన్సు

రాఘవులు భార్య ఇందుమతికి మతి చెడిందని రత్నకుమారి అందట. లలితకుమారి ఆ మాటని కూరగాయల సంచీతోపాటు మోసుకొచ్చి ఇందుమతి వంటింట్లోనే దించింది. డ్రైవింగు టెస్టు మూడుసార్లు తప్పిన మనిషి అమెరికాలో రెండువేల మైళ్లు కారు నడుపుతుందట, అదీ జనం వదిలేసిన పాత రోడ్డు మీద, పాడుబడ్డ పెట్రోలు బంకులు చూడ్డానికి. ఐర్లండులోని ఈ లిమరిక్‌లో తెలుగిళ్లు ఎన్నుంటే అన్నింట్లోనూ సాయంత్రానికి ఇదే మాట.

అందులో అబద్ధమేం లేదు. టికెట్లు కొనేశారు. రాఘవులుకి కంటి ఆపరేషనై, ఆర్నెల్లు స్టీరింగు ముట్టుకోవద్దన్నారు. లెర్నరు కాగితం చూపిస్తే అక్కడ కారు అద్దెకివ్వరు. నాలుగో టెస్టు పోతే ప్రయాణమూ పోయినట్టే.

ఇందుమతికి ఈ పిచ్చి ఆఫీసులో పట్టింది. పక్క సీటు ఐరిష్ ఆయన ఆ అమెరికా పాత రోడ్డు మీద తన యాత్ర ఫొటోలు చూపించాడు. కొత్త హైవే పక్కనుంచి పోయేసరికి కళ తప్పిన ఊళ్లు. ఒక ఊళ్లో ఓ ముసలావిడ ఇంకా హోటలు దీపం వెలిగించే ఉంచింది. జర్మనీవాళ్లూ జపాన్‌వాళ్లూ వెతుక్కుంటూ వచ్చి ఆవిడ చేతి కాఫీ తాగుతున్నారు. వీళ్ల దేశాల్లో రోడ్లు లేవా అని ఇందుమతి అడిగింది.

"రోడ్లకేం, బోలెడు. ఆగి కూర్చోమనేవాళ్లే లేరు" అన్నాడాయన.

ఇందుమతి చేతిలో టీ చల్లారిపోయింది. తుని ఇవతల, పాత హైవే మీద, వాళ్ల నాన్న లారీవాళ్ల భోజన హోటలు నడిపేవాడు. పూటకి ముప్ఫై లారీలు ఆగేవి. బైపాసు పడ్డ నెలకి ఎంగిలాకుల కోసం కుక్కలు కూడా రావడం మానేశాయి. అయినా ఆయన ఆర్నెల్లు పొయ్యి ఆర్పలేదు, ఎవరో ఒకరు దారి మళ్లకపోతారా అని.

అలాంటి ఇంటి పిల్ల పలకరింపుని వదులుకుంటుందా? మూడో టెస్టు పోయింది దానివల్లే. పల్లెదారిలో ఎదురొచ్చిన ట్రాక్టరు రైతు స్టీరింగు మీంచి ఒక్క వేలెత్తాడు. అది ఇక్కడి మర్యాద. ఇందుమతి రెండు చేతులూ వదిలేసి నిండుగా నమస్కారం పెట్టింది. కారు కంచెలో దూరకుండా పక్కనున్న పరీక్షాధికారి స్టీరింగు అందుకున్నాడు.

ఆ తర్వాత రెండు వారాలు రాఘవులు నల్లకళ్లద్దాలతో సోఫాలో రైతై కూర్చున్నాడు. ఇందుమతి ఎదురుగా అన్నం పళ్లెం పట్టుకుని స్టీరింగు తిప్పుతుంటే, ఆయన వేలెత్తినప్పుడల్లా తనూ ఒక్క వేలే ఎత్తాలి. రెండో వేలు లేస్తే టీ ఆవిడే పెట్టాలని పందెం.

నాలుగోసారి టెస్టు రోజున వాన. రెండు ట్రాక్టర్లు, ఒక పాలవ్యాను, సైకిలు మీద ఓ పెద్దావిడ. అందరికీ వేలు లేచింది, ఒక్కటే. చివర్లో అధికారి "గ్రాండ్" అని మెచ్చుకుని, పాసైన కాగితం చేతిలో పెట్టి దిగిపోయాడు. ఇందుమతి కారులోనే కూర్చుని హారను నొక్కింది. లారీ హారనంత పొడుగ్గా నొక్కింది. గొడుగుల కింది జనమంతా తిరిగి చూశారు. చూడనీ అనుకుని ఇంకోసారి నొక్కింది.

ఆదివారం ఇంటికి పిలిచి అందరికీ నాన్న లెక్కలో వండిపెట్టింది, అడిగినవాళ్లకి అడిగినంత. రత్నకుమారి మూడోసారి పప్పుపులుసు వేయించుకుంటూ, పాత రోడ్లలో ఏముంటుంది వదినా అంది. తన భర్త శౌరి వారం వారం విజయవాడ నుంచి తుని మీదుగా విశాఖకి కారులో వెళ్లేవాడట, ఆ బైపాసులు పడ్డాకే ఎక్కడా ఆగకుండా హాయిగా పోయేవాడట.

ఇందుమతి గరిటె గిన్నెలో పెట్టింది.

"మీ ఆయన ఆగకుండా పోబట్టే మా పొయ్యి ఆరింది రత్నా. నేను ఆగడానికే పోతున్నా."