వదిలేసిన పదకొండు గళ్లు

జవాబు తెలియకపోయినా కాగితం ఖాళీగా వదలకూడదనీ, ఏదో ఒకటి రాస్తే నాలుగు మార్కులైనా రాలకపోవనీ తరతరాలుగా ఒక నమ్మకం ఉంది. ఇంటి ముందుగదిలో మిషను వేసుకుని బతికే దర్జీ దాన్ని అందరికంటే గట్టిగా నమ్మాడు. ఆయన మాట విని కూతురు నిరుడు గణితం పోటీలో తెలియని పదమూడు ప్రశ్నలకూ గళ్లు నింపి వచ్చింది. మూడు మార్కుల తేడాతో రెండో దశ తప్పిపోయింది. ఈ ఏడు ఆమెది పదో తరగతి. ఆ పోటీ రాయడానికి ఇదే ఆఖరి అవకాశం.

ఈసారి పిల్ల లెక్కల కంటే ముందు నియమాలు చదివింది. ఇరవై ఐదు ప్రశ్నలు, ప్రతిదానికీ ఐదు గళ్లు. ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు సున్నా, వదిలేస్తే ఒకటి. గుడ్డిగా నింపితే సగటున ఐదింట ఒకటి తగులుతుంది, అంటే నాలుగు మార్కులు. అవే ఐదూ వదిలేస్తే ఐదు. కాబట్టి తెలియనివి ముట్టనంది.

దర్జీకి గుండీల్లేని చొక్కా చూసినట్టయింది. లెక్క సరే, హస్తవాసి మాటేమిటన్నాడు. కావాలంటే ఒక పాత పేపరు తెమ్మన్నాడు.

పిల్ల పది తెచ్చింది. ఆయన సుద్దముక్క చెవిమీద దోపుకుని, కళ్లు మూసుకుని, మనసు చెప్పిన గడినల్లా నింపాడు. కాజాలు కుడుతున్న తల్లికీ పిల్ల అవే పది పేపర్ల కట్ట ఇంకొకటి ఇచ్చింది. ఆవిడ సూది దించకుండా తన పేరు కూతురి చేతే రాయించి, కట్టను పక్కన పెట్టింది.

దిద్దితే పది పేపర్లకూ కలిపి ఆయనకు నూట తొంభై ఆరు వచ్చాయి. ఆవిడకు రెండు వందల యాభై.

"ఏడో తరగతితో ఆపేసినదానివి, నన్ను మించిపోయావే," అన్నాడు దర్జీ.

"ఎక్కడ ఆపాలో నాకు తెలుసు," అంది భార్య దారం కొరుకుతూ. "కొలత తెలియకుండా గుడ్డమీద కత్తెర పెట్టరు కదా, పిల్ల పేపరు మీద ఎందుకు పెట్టిస్తారండీ?"

దర్జీ ఆ ప్రశ్న వదిలేశాడు.

పోటీనాడు పిల్ల పద్నాలుగు ప్రశ్నలు చేసి, పదకొండు వదిలేసి, ప్రశ్నపత్రం పట్టుకుని ఇంటికొచ్చింది. ఆ ఖాళీలు చూశాక దర్జీ ఊరుకోలేకపోయాడు. ఎవరూ చూడకుండా ఆ పదకొండింటికీ తన జవాబులు ఒక కాగితం మీద రాసి మిషను సొరుగులో దాచాడు. తన జవాబులు తప్పు కావాలని ఆయన కోరుకోవడం అదే మొదటిసారి.

పది రోజులకు ఫలితాలు, జవాబుల పట్టిక వచ్చాయి. పిల్ల చేసినవాటిలో ఒప్పులు పన్నెండు: నలభై ఎనిమిది మార్కులు. వదిలేసినవాటికి పదకొండు. మొత్తం యాభై తొమ్మిది. రెండో దశకు కావలసినవి యాభై ఎనిమిది. సొరుగులోని కాగితంలో ఒప్పులు రెండు. వాటితో అయితే యాభై ఆరు.