ఎండలో ఆరేసిన లంగా

నా భార్య లమియత్‌ను పాము చంపిందని ఊరంతా అంటుంది. అది అబద్ధం.

నా మెడలో ఒక తాయెత్తు ఉండేది. అందులో మా అమ్మ పాత లంగా అంచు ముక్క. సైన్యానికి పిలుపు వచ్చినప్పుడు అమ్మే చింపి ఇచ్చింది. తల్లి లంగా ముక్క తూటాను ఆపుతుందని మావాళ్ల నమ్మకం. పెళ్లాం లంగా ఆరేసిన తాడు కింద నుంచి నడిస్తే ఆ తాయెత్తు చచ్చిపోతుందనీ అంటారు. నేను రెండూ నమ్మాను.

అందుకే మా ఇంట్లో రెండు తాళ్లు. ముందు వాకిట్లో ఎండ తగిలేచోట ఎత్తుగా కట్టినది నా చొక్కాలకు. ఇంటి వెనక గడ్డివాము పక్కన మోకాలెత్తున కట్టినది ఆమె లంగాలకు. అక్కడ ఎండ పడదు. లమియత్ చీకటితోనే లేచి భిక్షువుల పాత్రలోకి అన్నం వండేది. బాతులకు మేత వేసి, అమ్మకు తమలపాకులు నూరి, బట్టలు రెండు బేసిన్లలో విడివిడిగా ఉతికి, ఆ తర్వాత నాతో నాట్లకు వచ్చేది. వానాకాలం నాలుగు నెలలూ తడి లంగాతోనే. తొడలు ఒరుసుకుపోయి పుండ్లు పడ్డాయి. నడక మారింది. ఎందుకని నేను అడగలేదు. ఒకరోజు ఆమే చెప్పింది.

"పదిహేడేళ్లుగా పొడి గుడ్డ కట్టి ఎరగనండీ. నా ఒంటికి నా వాసనే పడట్లేదు. మీ అమ్మ లంగా ముక్క మెడలో కట్టుకు తిరుగుతారు. నా లంగా గాలికి ఊగితే మీ తలకొచ్చిన దోషమేంటి? మీ కూతురు వచ్చింది ఇందులోంచే కదా."

నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు.

"మగాడి నెత్తిన లంగా ఆరేస్తావా? మావాడు వెధవలా తిరగాలనా నీ కోరిక?"

ఆ వారమే లమియత్ గడ్డివాములో పాము కుబుసం చూసింది. తెచ్చి నా ముందు పరిచింది. నా చేయంత పొడవుంది. "ఎలుకల కోసం వస్తోంది. తాడు ఇటు మార్చుకుంటానండీ," అంది.

"నువ్వు రాకముందు నుంచీ ఉన్నాయే పాములు," అన్నాను.

తొమ్మిది రోజుల ముసురు తర్వాత ఎండ కాసింది. పొలం నుంచి వచ్చేసరికి ముందు తాడు మీద, నా చొక్కాల మధ్య, ఆమె నీలం లంగా ఉంది. ఆవిరి లేస్తోంది. లమియత్ మెట్ల మీద కూర్చుని దాన్నే చూస్తోంది. నన్ను చూసినా లేవలేదు. ఆ ఇంట్లో ఆమె అలా ఊరికే కూర్చోవడం అదే మొదలు.

"చూశావట్రా నీ పెళ్లాం నిర్వాకం!" అంది అమ్మ కిటికీలోంచి.

వెదురు కర్ర తీసుకున్నాను. చేయి తగలకుండా లంగాను కర్ర చివరికి ఎత్తి, దూరంగా పట్టుకుని నడిచాను. పక్కింటి ప్రయూన్ కంచె మీంచి తొంగి చూశాడు.

"ఏం సంగువన్ అన్నా, పామును పట్టావా?"

ఇద్దరం నవ్వుకున్నాం. లంగాను గడ్డివాములోకి విసిరాను.

లమియత్ లేచి వెనక్కి వెళ్లింది. అది ఆమెకున్న మూడు లంగాల్లో ఒకటి. గడ్డిలోంచి లాగుతుంటే రక్తపింజర మణికట్టు మీద కాటేసింది. కేక పెట్టలేదు. చేయి పట్టుకుని వాకిట్లోకి వచ్చి ఆకాశం చూసింది.

"మళ్లీ పడేలా ఉంది. మీ చొక్కాలు తీసేసుకోండి," అంది.

ఆస్పత్రిలో చిగుళ్ల నుంచి రక్తం ఆగలేదు. మూడో రోజు పోయింది.

"కట్టు తప్పింది, అనుభవించింది," అంది అమ్మ.

మా ఆచారం ప్రకారం నూరో రోజు కర్మ అయ్యాక తాయెత్తు తెంపి అమ్మ ఒళ్లో పడేశాను. నీలం లంగాను ముందు తాడు మీద వేశాను. రోజూ దాని కిందుగానే పొలానికి వెళ్తున్నాను. అంచు నెత్తికి తగులుతుంది. పొడిగా ఉంటుంది. అమ్మ ఆ కిటికీ మూసేసింది.

ఆ రోజు కర్ర ఎవరి చేతిలో ఉందో ప్రయూన్‌కు తెలుసు, అమ్మకు తెలుసు. ఇద్దరూ పాము అనే అంటారు. నా కూతురు ఒక్కసారి అడిగింది. దానికి మాత్రం జరిగింది జరిగినట్టే చెప్పాను. అది లేచి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. ఇక ఎవరడిగినా నేను నోరు విప్పను.