సగం దించిన షట్టర్లు

శంషాబాద్ పాత బజారు మొగదల జేసీబీ వచ్చి ఆగింది. కాంట్రాక్టరు మనుషులు జిగురు డబ్బా పట్టుకొని దుకాణాల గోడలకు కాగితాలు అంటించుకుంటూ పోతున్నారు. ఈ బజారు ఎప్పుడో మూతపడిందట, ఇక్కడ వ్యాపారమే లేదట, అందుకని రేపు కూలగొడతారట. కింద సాక్ష్యంగా ఫోటోలు.

తాళ్లు, చాటలు, పారలు అమ్మే బుచ్చయ్య ఆ కాగితం ముందు నిలబడ్డాడు.

"ఇంత పొడుగు మనిషిని ఈడ్నే నిలవడ్డ. నా ముంగటనే నా దుకానం లేదంటున్నరు" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన కూతురు నిర్మల నవ్వలేదు. ఆ ఫోటోలు తీసింది ఆమే.

ఆ బజారుకు ఒక కట్టు ఉంది. తమలో ఎవరు చనిపోయినా, పాడె బజారు దాటేదాకా అందరూ షట్టర్లు సగానికి దించుతారు. పోయినవాడూ దుకాణదారుడే, తన వల్ల అందరి బేరం చెడిందని బాధపడతాడని పూర్తిగా మూయరు. దర్జీ యాదయ్య పోయిన పొద్దున కూడా అట్లాగే దించారు.

నిర్మల ఆ ఇంట్లో మొదటి డిగ్రీ. ఒక సర్వే కంపెనీలో ఉద్యోగం. ఆ పొద్దునే మేనేజరు భీమశంకరరావు ఫోన్ చేసి బజారు ఫోటోలు ఇవాళే కావాలన్నాడు. అందరూ పాడె వెంట ఉన్నారు, మనుషులు అడ్డం రారు, బొమ్మ బాగా పడుతుందనుకుంది ఆమె. వరసగా తీసుకుంటూ పోయింది. తండ్రి దుకాణమూ తీసింది. సగం దించిన షట్టర్ అంటే ఏమిటో లోకమంతటికీ తెలుసనుకుంది.

కాగితాలు చూసిన వెంటనే ఆఫీసుకు పోయి అడిగింది. భీమశంకరరావు మంచినీళ్లు తెప్పించి ఇచ్చాడు.

"చూడమ్మా, మనం అబద్ధమేమీ చెప్పలేదు కదా. ఎలా ఉన్నాయో అలాగే పంపాం. తీసింది కూడా నువ్వే."

బజారు స్థలం కొన్న కంపెనీయే ఈ సర్వే చేయించిందని ఆమెకు అప్పుడు తెలిసింది. బతికున్నదాన్ని చచ్చిందని రాయించడం, ఆ తర్వాత పూడ్చిపెట్టడం. స్థలం కావలసినవాడి పద్ధతి ఎప్పుడూ ఇదే.

సాయంత్రం అందరూ యాదయ్య దుకాణంలో కూడారు. ఇప్పుడు ఆ కుట్టుమిషన్ ఆయన భార్య సత్తెమ్మ తొక్కుతోంది. మాటా మాటా పెరిగింది. పొలాలన్నీ విమానాశ్రయం కిందికీ ప్లాట్ల కిందికీ పోయాక పారలు ఎవరు కొంటారని ఒకరన్నారు. పక్కనున్న పాల్మాకుల ఊరివాళ్లు కూడా ఫోనులోనే తెప్పించుకుంటున్నారు, కంపెనీ ఇచ్చినంత తీసుకొని ఖాళీ చేద్దామని ఇంకొకరు. గిన్నెలమ్మే ప్రేమలత ఊరుకోలేదు.

"గిరాకి తక్కువైతె మనం సచ్చినట్టేనా? గట్లయితె ముందుగాల మనల్ని పాతిపెట్టుమను."

గా ఫోటోలు తీసినోడు దొరకాలె గానీ నా దగ్గర తాళ్లకేం కొదవ అన్నాడు బుచ్చయ్య. మళ్లీ నవ్వులు. నిర్మల లేచి నిలబడింది.

"నేనే తీసిన బాపూ."

మిషన్ ఆగింది. ఎందుకు తీసిందో చెప్పబోయింది. సత్తెమ్మ తలెత్తి చూసింది.

"ఎరుకే బిడ్డా. గడప కాడ కూసోని చూసిన. మా ఆయన గురుతుకు తీస్తున్నవనుకున్న. మనసుల నీకు దండం వెట్టిన."

తిట్టినా, కొట్టినా నిర్మల తట్టుకునేది.

తెల్లవారేసరికి బజారంతా షట్టర్లు పైకెత్తి ఉన్నాయి. రాళ్లు పట్టొద్దు, దుకాణం నడపాలని సత్తెమ్మ చెప్పింది. మంఖాల్ నుంచి కూరగాయలవాళ్లు, షిఫ్టుకు పోయే కూలీలు, కాలేజీ పిల్లలు వచ్చి రోడ్డు నిండా నిలబడి బేరాలాడారు. పొలం లేనివాళ్లు కూడా పార కొని భుజాన వేసుకున్నారు. జేసీబీకి దారి లేదు.

పోలీసులు దిగారు. నిర్మల ముందుకు పోయి గోడ మీది కాగితంపై వేలు పెట్టింది.

"ఇవి నేను తీసిన. ఆ దినం పాడె పోతుండె, అందుకే షట్టర్లు దించిండ్రు. నా తప్పుకు వీళ్ల బజారు కూలగొడ్తరా?"

అధికారి వినిపించుకోలేదు. ఆమెనూ, పక్కన నిలబడ్డ సత్తెమ్మనూ వ్యాను ఎక్కించాడు.

బజారు మనిషిని సాగనంపేటప్పుడు అలవాటైన చెయ్యి ఆగదు. బుచ్చయ్య తడి కళ్లతో కొక్కెం కట్టె అందుకొని షట్టర్ కిందికి లాగాడు. ఆయన్ను చూసి పక్క దుకాణమూ, దాని పక్కదీ. నిర్మల వ్యాను జాలీలోంచి చూసింది. తాను తీసిన ఫోటోయే మళ్లీ కళ్లముందు తయారవుతోంది.

సత్తెమ్మ జాలీకి ముఖం ఆనించింది.

"ఎవరు సచ్చిండ్రని దించుతున్నవ్ బుచ్చన్నా? ఎత్తు."

బుచ్చయ్య చెయ్యి ఆగింది. బలంకొద్దీ పైకి తోశాడు. షట్టర్ గడగడమంటూ లేచింది. తర్వాత పక్కది, దాని పక్కది. రోడ్డు మీద జనం జేసీబీ ముందు కూర్చున్నారు.

తండ్రి ముఖం చూసే ధైర్యం లేక నిర్మల తల దించుకుంది. వ్యాను మలుపు తిరిగేదాకా ఆ షట్టర్లు లేస్తున్న చప్పుడు వింటూనే ఉంది.