అల ఎవరిది

వెట్‌సూట్‌లో అందరూ ఉచ్చ పోస్తారు, ఎవరూ ఒప్పుకోరు. ఒప్పుకోకపోయినా నాకు తెలుసు, ఎందుకంటే వాటిని కడిగేది నేను. సెలవులకి మేం మకాం దిగే కారవాన్ పార్కులో కుళాయి పక్కన ప్లాస్టిక్ తొట్టి పెట్టుకుని, మంచినీళ్ళు నింపి, ఒక్కొక్కదాన్నీ తిరగేసి, ఉప్పూ ఇసకా వాసనా పోయేదాకా పిసికి నీడలో ఆరేస్తాను. సముద్రంలో చలికి ఒంటికి అతుక్కునేలా వేసుకునే తొడుగులవి, ఎండలో వేస్తే రబ్బరు పెళుసెక్కిపోతుంది. ముందు మా ఆయన క్రెయిగ్‌ది, తర్వాత అతని చిన్ననాటి స్నేహితుడు డాజ్‌ది, తర్వాత మా అమ్మాయి టెగన్‌ది, ఆఖర్న నాది. ఒకసారి "డాజ్‌ది డాజ్ కడుక్కోలేడా?" అని అడిగాను. "మూడు కడిగే చేత్తో నాలుగోది కడిగితే అరిగిపోతావా? పాపం, వాడికి ఎవరున్నారు?" అన్నాడు క్రెయిగ్. డాజ్‌కి ఒకప్పుడు భార్య ఉండేది. ఆవిడా కడిగే ఉంటుంది. ఒకరోజు అన్నీ వదిలేసి టాస్మేనియా వెళ్ళిపోయింది. డాజ్ ఇప్పటికీ "ఏమైందో ఏమో దానికి" అంటాడు.

ఏటా ఈస్టర్ తర్వాత బడి సెలవులకి న్యూకాజిల్ నుంచి ఉత్తరంగా తీరం పట్టుకుని పోతాం. కారు వెనక ట్రైలర్, ట్రైలర్ మీద అలల పైన నిలబడి జారే సర్ఫింగ్ బోర్డులు, ఎక్కడ అలలు బాగుంటే అక్కడ మకాం. దీన్ని మా ఇంట్లో సెలవు అంటారు. నేను పనిచేసే పళ్ళ డాక్టరు దగ్గర ఏడాదంతా పోగేసుకున్న సెలవులన్నీ దీనికే పోతాయి. తిరిగి పనిలోకి వెళితే "బీచ్‌లో బాగా విశ్రాంతి తీసుకున్నావా నరెల్?" అంటుంది డాక్టరమ్మ. ఏం చెప్పను? తెల్లారకముందు టీ పెడతాను, నీళ్ళలోంచి వాళ్ళు వణుకుతూ వచ్చేసరికి గుడ్లూ టోస్టూ సిద్ధంగా ఉంచుతాను, మధ్యాహ్నం సాసేజిలు, సాయంత్రం మళ్ళీ సాసేజిలు, వాటిలోకి ఉల్లిపాయలు, ఆ ఉల్లిపాయల్లోకి ఎగిరొచ్చే ఇసక. "మగాడికి సముద్రం ఉండాలి నరెల్. లేకపోతే తుఫాను ఇంట్లో వస్తుంది. మా ఆయనకి లేక నేను పడ్డ అవస్థ నాకు తెలుసు" అంటుంది మా అత్తగారు బెవ్. ఆడదానికి ఏం ఉండాలో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.

ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో నేనూ సర్ఫింగ్ నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు. గురువారాలు నాకు మధ్యాహ్నం డ్యూటీ. టెగన్‌ని బళ్ళో దింపేసి, అద్దె బోర్డు తీసుకుని, జనం లేని చోటు చూసుకుని పడ్డాను, లేచాను, మళ్ళీ పడ్డాను. ముక్కులోంచి సముద్రం కారుతుండగా పళ్ళ డాక్టరు దగ్గర ఫోన్లు ఎత్తాను. రెండేళ్ళయ్యాక బోర్డులు చేసే ముసలాయన షెడ్డుకి వెళ్ళాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, చెవి వెనక నుంచి పెన్సిల్ తీసి, "నీకేం కావాలి?" అని అడిగాడు. మా ఇంట్లో ఆ ప్రశ్న అడిగేది నేను, నన్నెవరూ అడగరు. నా పొడవు, నా బరువు, కుడికాలు ముందు పెడతానా ఎడమకాలా, అన్నీ కనుక్కుని లేతాకుపచ్చ బోర్డు చేసిచ్చాడు. అది చూసి బెవ్, "నలభై ఏళ్ళొచ్చాక ఆ నల్లటి తొడుగేసుకుని ఒడ్డుకి కొట్టుకొచ్చిన సీల్ జంతువులా ఏమిటే ఇది" అంది. క్రెయిగ్ పగలబడి నవ్వాడు. నాకూ నవ్వొచ్చినట్టు మొహం పెట్టాను.

నీళ్ళలో ఒక నియమం ఉంది. మా వైపు పసిపిల్లలకి కూడా తెలుసు. కొండ మొన దగ్గర అల రాళ్ళ వైపు నుంచి విరగడం మొదలెడుతుంది. రాళ్ళకి ఎవరు దగ్గరగా ఉంటే అల వాళ్ళది. వాళ్ళు లేచి నిలబడ్డాక ఇంకొకళ్ళు దాని మీదకి దిగకూడదు. అడ్డం దిగితే తప్పు, గొడవలైపోతాయి. క్రెయిగ్ దీన్ని దేవుడి మాటలా పాటిస్తాడు. ఒకసారి పోర్ట్ మక్వారీలో ఒక కుర్రాడు తనకి అడ్డం దిగాడని పార్కింగ్‌లో వాడి దారికి అడ్డంగా నిలబడి, "వెనకాల మనిషి ఉంటే కనపడదా నీకు? ఇంట్లో మర్యాద నేర్పలేదా?" అని కడిగి పారేశాడు. తను ఎప్పుడైనా పొరపాటున ఎవరికైనా అడ్డం వస్తే, పదేళ్ళ పిల్లాడైనా సరే, ఈదుకుంటూ వెళ్ళి క్షమాపణ చెప్పి వస్తాడు.

నాకు మాత్రం ప్రతిసారీ అడ్డం దిగుతాడు. నేను రాళ్ళ వైపు ఉంటాను, అల నాది, లేచి నిలబడతాను, అప్పుడు పక్కనుంచి అతని వీపు కనిపిస్తుంది. నేను తప్పుకుంటాను. తప్పుకోకపోతే గుద్దుకుంటాం కదా. "అడ్డం దిగావు" అని ఒకసారి అన్నాను. "నువ్వూ నేనూ ఒకటే కదే, మనలో మనకి అడ్డమేంటి?" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఇద్దరం ఒకటే అయినప్పుడు ఆ ఒకటి ఎప్పుడూ అతనే ఎందుకవుతాడో నాకు అర్థం కాదు.

ఈసారి క్రెసెంట్ హెడ్ అనే ఊళ్ళో దిగాం. పొద్దున్నే నీళ్ళు నున్నగా ఉన్నాయి. చాలాసేపు కాచుకున్నాక పెద్ద అల వచ్చింది. నాది. లేచాను, మలుపు తీసుకున్నాను. ఈ ఒక్కదాని కోసం ఏడాదంతా సాసేజిలు కాల్చొచ్చు అనిపించింది. అంతలో క్రెయిగ్ దిగాడు. ఈసారి నేను తప్పుకునే లోపే అతని బోర్డు నా కాళ్ళ కింద దూరింది. నీళ్ళ కింద గిరగిరా తిరిగి పైకొచ్చేసరికి బోర్డుని నా కాలికి కట్టే తాడుకి సగం బోర్డే వేలాడుతోంది. మిగతా సగం లేతాకుపచ్చగా రాళ్ళకేసి కొట్టుకుంటోంది.

క్రెయిగ్ తన బోర్డు తిరగేసి చూసుకుని, "అయ్యో, రెక్క విరిగిపోయింది!" అన్నాడు. బోర్డు అడుగున ఉండే రెక్క. ఆ తర్వాత నన్ను చూసి, "నీకేం కాలేదు కదా?" అని అడిగాడు. దూరం నుంచి డాజ్, "మొగుడూ పెళ్ళాలు ఇంట్లో కొట్టుకోండిరా, నీళ్ళలో కాదు!" అని అరిచాడు. ఒడ్డున టెగన్ కూడా నవ్వింది. పదమూడేళ్ళ పిల్ల, నాన్న నవ్వితే నవ్వుతుంది.

విరిగినవి మార్చుకోడానికి మర్నాడు పట్నంలో సర్ఫ్ సామాన్ల దుకాణానికి వెళ్ళాం. క్రెయిగ్ రెక్కలు చూశాడు. వేళ్ళతో వంచి, వెలుతురులో పెట్టి, డాజ్‌తో చర్చించి తీసుకున్నాడు. అటు తర్వాత కాలి తాడు. ఆ తర్వాత, ఈ దెబ్బకి తన బోర్డు లోపల బీట పడే ఉంటుంది, ఎందుకొచ్చిన రిస్కని కొత్త బోర్డు. పాతది టెగన్‌కి ఇచ్చేశాడు. అన్నీ అయ్యాక, "ఆవిడకి కూడా ఏదన్నా చూడు" అన్నాడు దుకాణం కుర్రాడితో. కుర్రాడు నా బరువెంతని క్రెయిగ్‌నే అడిగాడు. క్రెయిగ్ ఏదో అంకె చెప్పాడు. అది టెగన్ పుట్టకముందు నా బరువు.

వాళ్ళిద్దరూ కలిసి గోడ మూల నుంచి నీలం రంగు స్పాంజి బోర్డు బయటికి లాగారు. బడిపిల్లల గుంపులకి అద్దెకిచ్చేది. "ఇది మెత్తగా ఉంటుంది, పడినా ఎవరికీ తగలదు" అన్నాడు క్రెయిగ్.

"నా బోర్డు లాంటిదే కావాలి నాకు" అన్నాను.

"ఇంటికెళ్ళాక చూద్దాంలే."

ఇంటికెళ్ళాక చూద్దాం అన్నవి మా ఇంట్లో చాలా ఉన్నాయి. "అమ్మా, మా బళ్ళో సర్ఫింగ్ మొదటి క్లాసుకి ఇదే ఇస్తారు" అని టెగన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దుకాణం మధ్యలో నాకు ఏడుపొచ్చింది. బోర్డు కోసం నలభై రెండేళ్ళ ఆడది ఏడిస్తే ఏం బాగుంటుంది? తాళాలు వెతుకుతున్నట్టు సంచిలో తల దూర్చాను. నా బాధ బోర్డు ఒక్కదాని గురించే అయితే ఇంటికెళ్ళి ముసలాయన దగ్గర మళ్ళీ చేయించుకోవచ్చు. ఈ ఇంట్లో నా నిద్ర నాది కాదు, నా జీతం నాది కాదు, నా సెలవు నాది కాదు. నీళ్ళలో ఒక్క అల, ఇది నరెల్‌ది అని ఒక్కళ్ళు ఒప్పుకుని ఆగితే చాలు. అది కూడా దొరకదని ఆ స్పాంజి బోర్డు పట్టుకున్నప్పుడు తెలిసింది.

సాయంత్రం గిన్నెలు తోముతూ అనేశాను. "నిన్నటి అల నాది క్రెయిగ్. రాళ్ళ వైపు నేనున్నాను."

డాజ్ బీరు సీసా దించాడు. క్రెయిగ్ నవ్వాడు. "ఇంకా అదేనా? సరే తల్లీ. టెగన్, విన్నావా? రేపు మీ అమ్మ అల ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే బ్రేక్‌ఫాస్ట్ బంద్!"

ముగ్గురూ నవ్వారు. నేను గిన్నె కడిగి బోర్లించాను. సిగ్గులేకుండా ఆ మాట మీద ఆశ పెట్టుకున్నాను.

పొద్దున నీలం బోర్డు మీద నీళ్ళలోకి వెళ్ళాను. రాళ్ళకి దగ్గరగా కూర్చున్నాను. అల వచ్చింది. క్రెయిగ్ చేత్తో దారి చూపిస్తూ, "రండి మహారాణీ!" అని వంగి దణ్ణం పెట్టాడు. ఫర్వాలేదు, వెక్కిరించినా ఆగాడు కదా. లేచి నిలబడ్డాను. అప్పుడు ముందు టెగన్ కనిపించింది, నాన్న పాత బోర్డు మీద. తల తిప్పి నన్ను చూసింది. కళ్ళలోకి సూటిగా చూసింది. చూసి, దిగింది.

నేను తప్పుకున్నాను. ఆలోచించను కూడా లేదు. నీళ్ళలో పడి లేచేసరికి క్రెయిగ్, డాజ్ ఈలలేస్తున్నారు. "అచ్చం తండ్రేరా!" అంటున్నాడు డాజ్. మా పక్కన ఎవరో తెలియని పెద్దాయన, తెల్లగడ్డం, టెగన్ వెనక్కి ఈదుకుంటూ వస్తుంటే మెల్లిగా అడిగాడు. "పాపా, వెనకాల మనిషి ఉంది, చూసుకోలేదా?"

"చూశానండీ" అంది టెగన్. "ఫర్వాలేదు, మా అమ్మే."

ఆయన నాకేసి చూసి తల దించుకున్నాడు. నాకు కోపం రాలేదు. దానికంటే భయంకరమైంది వచ్చింది. ఈ పిల్ల అడ్డం దిగడం ఒక్కటే కాదు, ఇన్నేళ్ళుగా నన్ను చూస్తూ తప్పుకోవడం కూడా నేర్చుకుంది. రేపు ఎవడో వస్తాడు. వాడి వెట్‌సూట్ తిరగేసి పిసుకుతుంది. వాడి వీపు కనిపించగానే, ఆలోచించకుండా, నా కూతురు నాలాగే పక్కకి పడిపోతుంది.

తర్వాతి అలకి నేనే ముందు లేచాను. టెగన్ మళ్ళీ తల తిప్పింది, మళ్ళీ దిగబోయింది. "టెగన్! ఆగు! అది నాది!" అని అరిచాను. అంత గట్టిగా నేను అరవగలనని నాకే తెలీదు. పిల్ల బెదిరిపోయి బోర్డు మీదనుంచి బోర్లా పడింది. నేను నాలుగు గజాలు వెళ్ళి నేనూ పడ్డాను.

"పిల్లతో పోటీ ఏంటే నీకు? తల్లివేనా?" క్రెయిగ్ గొంతు నీళ్ళ మీద తేలి వచ్చింది. "అంత మంచి అల పాడు చేశావు!"

టెగన్ ఒడ్డుకి వెళ్ళిపోయింది. వెనకే వెళ్ళాను. ఇసకలో కూర్చుని మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడుస్తోంది. పక్కన కూర్చోబోయాను. జరిగిపోయింది.

"టెగన్, అది నా అల. నువ్వు చూసి కూడా..."

"నాన్న రోజూ చేస్తాడు!" తలెత్తి అరిచింది. ముక్కు కారుతోంది, పెదాలు నీలంగా ఉన్నాయి. "మొన్న చేశాడు, పోయినేడాది చేశాడు, అంతకుముందూ చేశాడు, అన్నీ చూశాను నేను. నాన్న మీద ఒక్కసారైనా అలా అరిచావా? నా మీదే అరవగలవు. ఎందుకంటే నేను చిన్నదాన్ని."

ఎవరూ చూడటం లేదనుకున్నాను, ఇన్నేళ్ళూ. చూడలేదు కాబట్టి జరగనట్టే అనుకుని బతికాను. ఈ పిల్ల ఒడ్డున కూర్చుని అన్నీ చూసింది.

"లేదు" అన్నాను. "ఎప్పుడూ అరవలేదు."

క్రెయిగ్ కొత్త బోర్డు మీద కూర్చుని, మాకు వీపు పెట్టి, అలల కోసం చూస్తున్నాడు. ఏదో మారిపోతుందన్న నమ్మకం నాకు లేదు. నీలం బోర్డు చంకలో పెట్టుకుని మళ్ళీ నీళ్ళలోకి నడిచాను, చేతులు నొప్పెట్టేలా ఈదాను, క్రెయిగ్‌ని దాటాను.

"అలక తీరిందా?" అన్నాడు.

ఇంకా లోపలికి, రాళ్ళకి చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరగా వెళ్ళి కూర్చున్నాను. దూరంగా అల లేస్తోంది. ఈసారి మాలో ఎవరి బోర్డు విరుగుతుందో, ఎవరి ఎముక విరుగుతుందో నాకు తెలీదు. తప్పుకునేది మాత్రం నేను కాదు.